వీధిదీపం నేలను చూడాలి

సంపాదకులకు,

మే నెల నడుమ, రాత్రి తొమ్మిదింటికి మా సిరోంచ తాలూకా పల్లెల్లో ఉత్తరం తిరిగి చూస్తే సప్తర్షుల మంచం సగం ఆకాశం పైకి ఎక్కి ఉంటుంది. అదే వేళకు దక్షిణాన త్రిశంకు, అంటే సిలువలా కనిపించే నాలుగు చుక్కల గుంపు, నిటారుగా నిలబడుతుంది. ఢిల్లీలో త్రిశంకు అడుగుచుక్క అసలు ఉదయించదు. మనం 19 డిగ్రీల అక్షాంశానికి దగ్గర కనుక నాలుగు చుక్కలూ కనిపిస్తాయి. అయితే నేలకు 8 నుంచి 14 డిగ్రీల ఎత్తులోనే. చేయి చాచి పిడికిలి పడితే 10 డిగ్రీలు. అంత కిందున్న చుక్కలను ఊరి చివరి స్తంభానికున్న ఒక్క ఎల్‌ఈడీ దీపం మింగేస్తుంది.

దీపాలు వద్దని కాదు. పాములు తిరిగే ఊళ్లలో వెలుగు కావాలి, కానీ నేలమీద. ఇప్పుడు చాలాచోట్ల దీపాన్ని పైకెత్తి బిగిస్తున్నారు, వెలుగు దూరం పోతుందని. పోయేది మన కళ్లలోకి. కళ్లు చెదిరితే పక్కనున్న నీడ మరింత నల్లబడి, అందులో పాము ఉన్నా కనిపించదు.

బోల్టు వదులుచేసి దీపం ముఖం నేలకు సమంగా తిప్పడమే మొదటి పని. పైపు వంపే పైకి ఉంటే ముందువైపు, పక్కల రేకు తొడుగు వేయాలి. వెనుక ఉన్న పలకలను మాత్రం కప్పకూడదు. వేడి పోయేది అక్కడినుంచే, మూస్తే దీపం త్వరగా చెడుతుంది. మాడిన దీపం మార్చేటప్పుడు పెట్టెమీద 6500 కెల్విన్ (వెలుగు రంగుకు కొలత) అని ఉన్న తెల్లది కాకుండా, 3000 లేదా అంతకు తక్కువ ఉన్న పసుపు వెలుగుది తేవాలి. తెల్ల వెలుగులో నీలం ఎక్కువ. అది గాలిలో ఎక్కువగా చెదిరి ఆకాశాన్ని తెల్లబరుస్తుంది. ఇప్పపూల కోసం ఆకులు కాల్చే రోజుల్లో పొగ తోడైతే మరీను.

ఇది మన మహారాష్ట్రలో జరిగిన పనే. పెంచ్ పులుల అభయారణ్యం చుట్టుపక్కల పల్లెల్లో వందకు పైగా దీపాలను కిందికి చూసేవాటితో మార్చారు. 2024 జనవరిలో దానికి దేశంలోనే మొదటి డార్క్ స్కై పార్కుగా, అంటే రాత్రి ఆకాశపు చీకటిని కాపాడే చోటుగా, గుర్తింపు వచ్చింది.

మీ ఊరి ఆకాశం ఎంత మిగిలిందో మీరే చూసుకోవచ్చు. అరుంధతి కనిపించిందని సంబరపడొద్దు, అది ఓ మోస్తరు పట్నంలోనూ కనిపిస్తుంది. ధ్రువుడి నుంచి వంపుగా సాగే ఏడు చుక్కల లఘు సప్తర్షిని లెక్కపెట్టండి. వెలుగున్నచోట ధ్రువుడు, కొసన రెండు చుక్కలు, అంతే. మధ్యలోని నాలుగూ తేలితే చీకటి బాగున్నట్టు. బహుళ సప్తమి దాటాక, వాన వెలిసి దుమ్ము అణగిన మర్నాడు చూడండి. ముందు 20–30 నిమిషాలు చీకట్లో ఉండాలి. నడుమ ఫోను తెరిచారా, లెక్క మళ్లీ మొదటికే. దారికి టార్చి కావాలంటే దానికి ఎర్రగుడ్డ కట్టుకోండి. మసకచుక్కను నేరుగా చూస్తే మాయమవుతుంది, కాస్త పక్కకు చూస్తే తేలుతుంది.

జనవరి 26 గ్రామసభలో ప్రతి పంచాయతీ ఈ రెండు మాటలు తీర్మానంలో రాయించాలి: దీపం ముఖం నేలకు, కొత్తది 3000 కెల్విన్ దాటకూడదు. అప్పుడు మొదలుపెడితే, దక్షిణాన నదివైపు ఉన్న స్తంభాలన్నీ త్రిశంకు నిలబడే మే నెలలోపే సరిచేయవచ్చు.

– ఒక పాఠకుడు, సిరోంచ, గడ్చిరోలి జిల్లా