మోసపోని వారి లెక్క కూడా వేయండి

సంపాదకులకు,

నమస్కారములు.

మీ పత్రిక జిల్లా పేజీల్లో కువైట్ వార్త లేని వారం అరుదు. ఏజెంటు మాట నమ్మి వెళ్లి, సేటు ఇంట్లో చిక్కుకుని, సెల్‌ఫోన్‌లో ఏడుస్తూ వీడియో పంపిన మహిళ గురించో, భార్యను వెనక్కు రప్పించమని కలెక్టరుకు అర్జీ పెట్టుకున్న భర్త గురించో మీరు రాస్తూనే ఉన్నారు. అవి రాయవలసిన వార్తలే, వాటివల్ల కొందరు ఇల్లు చేరారు కూడా. అయితే ఎవరి చేతిలోనూ మోసపోకుండా, జీతం ఒక్క నెల కూడా ఆగకుండా, పదేళ్లో పదిహేనేళ్లో కష్టపడి కూడా చేతిలో ఏమీ లేకుండా తిరిగివచ్చిన వారు మా ఊళ్లలో అంతకంటే చాలా ఎక్కువమంది ఉన్నారు. వారి గురించి ఎక్కడా చదివిన గుర్తు లేదు. ఈ ఉత్తరం వారి గురించి.

నేను ఉమ్మడి కడప జిల్లాలో ముప్పై మూడేళ్లు బ్యాంకు ఉద్యోగం చేసి విశ్రాంతి తీసుకున్నవాడిని. అందులో ఎక్కువ కాలం రాజంపేట, రాయచోటి ప్రాంతాల శాఖల్లోనే గడిచింది. అక్కడ ఒక ఇంటాయన ఏం చేస్తాడని అడిగితే మేస్త్రీ అనో డ్రైవరు అనో చెప్పరు, ‘కువైట్’ అని ఊరుకుంటారు. అలాంటి ఇళ్లకు వచ్చిన డ్రాఫ్టులు, తర్వాతి కాలంలో ఆన్‌లైన్ జమలు నా చేతుల మీదుగా ఎన్ని నడిచాయో లెక్క లేదు.

నేను పదవీ విరమణ చేయడానికి కొద్ది నెలల ముందు, 2024లో, పుల్లంపేట వైపు ఊరి నుంచి ఒకామె కౌంటరు దగ్గరకు వచ్చి పాసుపుస్తకంలో ఎంట్రీలు వేయమని అడిగింది. 2010లో వెళ్లి, మొదట ఒక ఇంట్లో ఆరేళ్లు, తర్వాత మరో ఇంట్లో ఎనిమిదేళ్లు పనిచేసి అప్పుడే వచ్చేసింది. రెండిళ్లవారూ మంచివారేనని, తిండికి, జీతానికి లోటు చేయలేదని తానే చెప్పింది. ఖాతాలో పదకొండు వేల చిల్లర ఉంది. మొత్తం ఎంత పంపావమ్మా అని అడిగితే, ‘‘ఎంత పంపినానో నాకే తెల్దు సార్, అంతా ఆయప్ప పేరుకే పంపినా’’ అంది, భర్తను ఉద్దేశించి. నేను ఉజ్జాయింపుగా లెక్క వేశాను. నెలకు సగటున 80 దినార్లు అనుకున్నా, పద్నాలుగేళ్లకు 13,440 దినార్లు. ఆమె వెళ్లిన ఏడాది దినారు సుమారు 160 రూపాయలు, వచ్చిన ఏడాది 270 దాటింది, మధ్యస్తంగా 210 వేసుకుంటే 28 లక్షల రూపాయలు. ఊళ్లో పాలరాతి గచ్చుతో ఒక ఇల్లు లేచింది, అది మామగారి పేర ఉంది. రెండెకరాల నిమ్మతోట కొన్నారు, అది మరిది పేర ఉంది. ఆమె ఎవరినీ నిందించలేదు. మళ్లీ వెళ్లడానికి పాస్‌పోర్టు రెన్యువల్ ఎక్కడ చేస్తారని మాత్రం అడిగింది.

ఇక్కడ నా తప్పు కూడా ఒప్పుకోవాలి. ఆ పద్నాలుగేళ్లలో ఆమె కనీసం మూడుసార్లు సెలవు మీద వచ్చి మా శాఖకు వచ్చింది. ఆమె పేర ఎన్ఆర్ఈ ఖాతా, అంటే ప్రవాసులు విదేశీ సంపాదన దాచుకునే ఖాతా, ఒకటి తెరవమని నేను గాని, నా తోటివారు గాని చెప్పలేదు. పెద్ద పెద్ద డిపాజిట్లు తెచ్చే అమెరికా పిల్లల తల్లిదండ్రులకు కుర్చీ వేసి చెప్పే విషయాలు, వేలిముద్ర వేసే ఖద్దామాకు, అంటే గల్ఫ్‌లో ఇంటి పని చేసే ఆడమనిషికి, చెప్పే తీరిక మాకెవరికీ ఉండేది కాదు.

విదేశంలో ఉద్యోగానికి వెళ్లినవారు ఇక్కడి మామూలు సేవింగ్స్ ఖాతాను అలాగే నడపకూడదు, దాన్ని ఎన్ఆర్ఓ ఖాతాగా, అంటే ప్రవాసుల ఇక్కడి సొమ్ముకు ఉండే ఖాతాగా, మార్పించుకోవాలి. అక్కడి సంపాదన పంపుకోవడానికి ఎన్ఆర్ఈ ఖాతా తెరుచుకోవచ్చు. దాని మీద వచ్చే వడ్డీకి ఇక్కడ ఆదాయపు పన్ను లేదు, అవసరమైతే సొమ్మును తిరిగి విదేశానికి తీసుకుపోవచ్చు. మా ప్రాంతంలో దీన్ని పెద్ద ఉద్యోగుల వ్యవహారం అనుకుంటారు, కాని ఇంటి పనికి వెళ్లిన ఆడమనిషికీ ఇది వర్తిస్తుంది. ఇంకొక సౌకర్యం సంగతి బ్యాంకు సిబ్బందిలోనే చాలామందికి పట్టదు. ఇక్కడ ఉన్న దగ్గరి బంధువును ఆ ఖాతాలో రెండో పేరుగా చేర్చవచ్చు, అయితే మొదటి వ్యక్తి జీవించి ఉన్నంత కాలం ఖాతా ఆమెదే. పిల్లల ఫీజులు, ఇంటి ఖర్చులు తీసుకునే అధికారాన్ని భర్తకో అత్తగారికో రాసి ఇవ్వవచ్చు. అంటే ఇల్లూ ఆగదు, సొమ్మూ సంపాదించిన మనిషి పేరునే ఉంటుంది, ఎంత వచ్చింది, ఎంత పోయింది అన్నది పాసుపుస్తకంలో కనబడుతుంది. ఇంటి గొడవలకు బ్యాంకు మందు వేయలేదు గాని, లెక్క కనబడే ఇంట్లో గొడవ తీరు వేరుగా ఉంటుంది.

ఇంటికి పంపేయడమనే అలవాటుకు ఒక చరిత్ర ఉంది. 1990 ఆగస్టు 2న ఇరాక్ సైన్యం కువైట్‌లోకి వచ్చినప్పుడు మా అన్న అక్కడ తాపీ పనిలో ఉన్నాడు. ఎడారి దాటి జోర్డాన్ చేరి, అమ్మాన్ నుంచి ఎయిర్ ఇండియా విమానంలో ఒక్క సంచితో దిగాడు. అలా లక్షా డెబ్బై వేలకు పైగా భారతీయులను ప్రభుత్వం తీసుకొచ్చింది. నాలుగేళ్ల కూడబెట్టు అంతా అక్కడి బ్యాంకులోనే ఉంచుకున్నాడు, ఒకేసారి తెచ్చి ఇల్లు కడదామని. కొన్నేళ్ల తర్వాత ఐక్యరాజ్యసమితి పరిహార కమిషన్ నుంచి, అలా దేశం వదిలి రావలసివచ్చిన ఒంటరి మనిషికి నిర్ణయించిన 2,500 డాలర్లు అందాయి, అప్పటికి అప్పులవాళ్లు గడప అరగదీసి ఉన్నారు. అక్కడ పైసా ఉంచుకోకూడదనే పాఠం ఆ ఏడాది మా తాలూకా మొత్తం నేర్చుకుంది. అది సరైన పాఠమే. అప్పటి నుంచి నెలనెలా పంపేయడం ఆచారమైంది. ఎవరి పేరున పంపాలి అన్న ప్రశ్న మాత్రం అప్పుడూ ఎవరూ వేసుకోలేదు, ఇప్పుడూ వేసుకోవడం లేదు.

ఇక అప్పు సంగతి. ఇంటి డ్రైవరుగా ఖాదిం (ఇంటి పనివారి) వీసా మీదో, కంపెనీలో షూన్ (కంపెనీ ఉద్యోగ) వీసా మీదో వెళ్లే మగవారు లక్షన్నర ఇచ్చుకుంటున్నారనుకుందాం. ఇది పెంచి చెప్పిన అంకె కాదు. లైసెన్సు ఉన్న ఏజెంటు సేవా రుసుముగా 30,000 రూపాయలు, దానిపై జీఎస్టీ మాత్రమే తీసుకోవాలని కేంద్ర ప్రభుత్వ నిబంధన ఉన్న సంగతి ఇచ్చేవారికి తెలియదు, తీసుకునేవారు చెప్పరు. ఆ లక్షన్నర ప్రోనోటు మీద నూటికి మూడు రూపాయల వడ్డీకి వస్తుంది, నెలకు 4,500. జీతం 120 దినార్లయితే 270 లెక్కన 32,400 రూపాయలు. అక్కడ తిండికి, ఫోనుకు 30 దినార్లు పోతే 24,300 మిగులుతుంది. ఇంటి ఖర్చుకు పది వేలు తీసి, మిగిలిన 14,300 పూర్తిగా అప్పుకే కట్టుకుంటూ పోతే పదమూడు నెలల్లో అసలూ వడ్డీ తీరిపోతాయి, రెండేళ్ల ఒప్పందంలో మిగిలిన పదకొండు నెలలు తనవి.

కాని మొదటి నెల జీతం రాగానే ఇంటి పైకప్పు, చెల్లెలి సీమంతం, ఊరి దేవర గుర్తుకొస్తాయి. వడ్డీ మాత్రం కడుతూ అసలు వాయిదా వేస్తారు. అలా రెండేళ్లు గడిస్తే 1,08,000 రూపాయలు వడ్డీకే పోయి లక్షన్నర లక్షన్నరగానే ఉంటుంది, దాన్ని తీర్చడానికి ఇంకో రెండేళ్లకు ఆకామా, అంటే అక్కడ ఉండే అనుమతి, కొట్టించుకోవాలి. ఎక్కడైనా పని చేసుకోవచ్చని చెప్పి అమ్మే ఆజాద్ వీసా మీద వెళ్లినవారైతే, కాగితం మీద తప్ప ఎన్నడూ చూడని కఫీలుకు (వీసా పూచీదారుకు) ప్రతి రెన్యువల్‌కూ సొంత సొమ్ము ఇచ్చుకోవాలి. వడ్డీ వ్యాపారిని తిట్టడం తేలిక. నేను చూసినంతలో కుటుంబాలను ముంచింది మూడు రూపాయల వడ్డీకంటే, అసలు కదపకుండా పెట్టిన ఆ రెండేళ్లే. ఇదే అప్పు బ్యాంకు దగ్గర నూటికి రూపాయి వడ్డీకి దొరికితే ఆ 4,500 కాస్తా 1,500 అవుతుంది గనుక, అజాగ్రత్త చేసినా దెబ్బ అంత లోతుగా తగలదు. ఇంజినీరింగ్ పిల్లల చదువుకు లక్షలు ఇచ్చే బ్యాంకులు, ఒప్పంద పత్రం, ఎమిగ్రేషన్ క్లియరెన్స్ (విదేశీ ఉద్యోగానికి మన ప్రభుత్వం ఇచ్చే అనుమతి) చేతిలో ఉన్న డ్రైవరుకు లక్ష ఇవ్వడానికి ఎందుకు జంకాలో నాకు ఆ కుర్చీలో కూర్చున్నప్పుడూ అర్థం కాలేదు.

స్త్రీల విషయంలో లెక్క తలకిందులుగా ఉంటుంది. ఖద్దామా వీసాకు పైసా అడగరు, పైగా ఇంటికి ఎంతో కొంత చేతిలో పెట్టి మరీ తీసుకుపోతారు. ఆ ఖర్చు అక్కడి ఇంటివారి దగ్గర ముందే వసూలై ఉంటుంది గనుక, నచ్చకపోయినా నడుమ వదిలిపెట్టరు. పదో తరగతి పాసు కానివారి పాస్‌పోర్టు మీద ఈసీఆర్ ముద్ర, అంటే ఎమిగ్రేషన్ క్లియరెన్స్ కావాలనే గుర్తు, ఉంటుంది. అలాంటి స్త్రీ ఇంటి పనికి కువైట్ వెళ్లాలంటే ముప్పై ఏళ్లు నిండి ఉండాలి, మన రాష్ట్రంలో విదేశాలకు పనివారిని పంపే ఓంక్యాప్ వంటి ప్రభుత్వ సంస్థ ద్వారానే వెళ్లాలి. ఈ నిబంధనను తప్పించుకోవడానికి విజిట్ వీసా మీద మరో దేశం మీదుగా పంపేస్తున్నారు. అలా వెళ్లినవారికి ఎమిగ్రేషన్ క్లియరెన్స్ ఉండదు. దానితో పాటు ప్రవాసీ భారతీయ బీమా కూడా ఉండదు. రెండేళ్లకు 275, మూడేళ్లకు 375 రూపాయలతో, ప్రమాదంలో ప్రాణం పోయినా శాశ్వత వైకల్యం కలిగినా పది లక్షలు ఇచ్చే బీమా అది. 2024 జూన్ 12న కువైట్‌లోని మంగాఫ్‌లో కార్మికుల భవనం మంటల్లో 40 మందికి పైగా భారతీయులు చనిపోయిన వార్త చదివినప్పుడు నాకు మొదట గుర్తొచ్చింది, మా ప్రాంతం నుంచి దొడ్డిదారిన పోయినవారి ఇళ్లే.

అక్కడి చట్టం గురించి కూడా ఒక మాట. 2015 నాటి కువైట్ గృహ కార్మికుల చట్టం ప్రకారం రోజుకు పన్నెండు గంటలకు మించి పని చేయించకూడదు, వారానికి ఒక రోజు, ఏడాదికి నెల రోజులు జీతంతో సెలవు ఇవ్వాలి, పాస్‌పోర్టు యజమాని ఉంచుకోకూడదు. ఒప్పందం ముగిసినప్పుడు పనిచేసిన ప్రతి ఏడాదికీ ఒక నెల జీతం ఇవ్వాలి. నేను పైన చెప్పిన ఆమె రెండో ఇంట్లో ఎనిమిదేళ్లు చేసింది, చివరి జీతం 100 దినార్లు. ఆ లెక్కన 800 దినార్లు, అంటే 2,16,000 రూపాయలు ఆమెకు రావాలి. యజమానురాలు వచ్చేటప్పుడు ఒక గొలుసు, రెండు సెంటు సీసాలు, దుప్పట్లు ఇచ్చిందని ఆమె సంతోషంగానే చెప్పింది. అడగవలసింది ఒకటి ఉందని ఆమెకు చెప్పినవారు లేరు.

భూమి గురించి చెప్పకపోతే ఈ ఉత్తరం పూర్తి కాదు. మా సీమలో సొమ్ము చేతికి వస్తే మొదట చూసేది పొలం వైపే. ప్రవాస భారతీయుడిగా ఉన్నంత కాలం ఇక్కడ వ్యవసాయ భూమి కొనడానికి చట్టం ఒప్పదు. వారసత్వంగా రావచ్చు, ఇల్లు గాని ఇంటి స్థలం గాని కొనుక్కోవచ్చు. అందుచేత పొలం తమ్ముడి పేరునో బావమరిది పేరునో రాయిస్తారు. అన్నదమ్ముల మధ్య మాట బాగున్నంత కాలం అది బాగానే ఉంటుంది, తర్వాత సంగతి రాజంపేట కోర్టు ఆవరణలో ఏ ఉదయమైనా కనబడుతుంది. తోట మీద మోజు ఉంటే తిరిగి వచ్చాక కొనుక్కోవచ్చు, అందాకా ఎన్ఆర్ఈ డిపాజిట్లలో ఉంచుకోవచ్చు.

అధికారులకు నా విన్నపం పెద్దదేమీ కాదు. కడప తపాలా కార్యాలయంలో పాస్‌పోర్టు సేవా కేంద్రం నడుస్తోంది, గల్ఫ్‌కు వెళ్లాలనుకునే మనిషి తొలి మెట్టు అదే. అదే ఆవరణలో వారానికి రెండు రోజులు జిల్లాలోని బ్యాంకుల పనిని సమన్వయం చేసే లీడ్ బ్యాంకు తరఫున ఒక గుమాస్తాను కూర్చోబెట్టి, వెళ్లేవారితోనూ ఇంట్లో ఉండిపోయేవారితోనూ కలిపి, పైన నేను వేసిన లెక్కను వారి అంకెలతో ఒక కాగితం మీద వేయించండి. అప్పు ఎంత, అసలు ఏ నెలకు తీరుతుంది, ఖాతా ఎవరి పేర, ఇంటికి నెలకు ఎంత అన్న నాలుగు మాటలే అందులో ఉండాలి. నాలాంటి విశ్రాంత ఉద్యోగులు జీతం లేకుండా ఆ పని చేయడానికి ఈ జిల్లాలో కొరత లేదు, నా పేరు మొదట రాసుకోవచ్చు.

మీ పత్రికకు కూడా ఒక మనవి. మీరు ప్రతిరోజూ బంగారం ధర వేసే చోట, కడప జిల్లా సంచికలో మాత్రమైనా, ఆనాటి దినారు ధర వేసి, దాని కిందనే ఏజెంటు రుసుము 30,000 రూపాయలు, జీఎస్టీ అని ఒక్క వరుస అచ్చు వేయండి. టీ అంగడిలో పత్రిక తిరగేసే ఏజెంటూ దాన్ని చూస్తాడు, పక్కన కూర్చున్న కుర్రవాడూ చూస్తాడు.

ఇట్లు,
ఒక విశ్రాంత బ్యాంకు ఉద్యోగి,
రాజంపేట