కోచ్ బేరాలు బయటపెట్టాలి
అమెరికా కాలేజీ ఫుట్‌బాల్‌లో కొత్త కోచ్ కోసం ‘దేశమంతా గాలిస్తున్నాం’ అనే ప్రకటన చాలావరకు పైపై తంతే. ఆపాటికే కోచ్‌ల ఏజెంట్లతో బేరాలు నడుస్తుంటాయి. మధ్యలో సెర్చ్ సంస్థ (వర్సిటీ తరఫున కోచ్‌ను వెతికిపెట్టే కంపెనీ) ఎందుకంటే, కోచ్ ‘నన్నెవరూ అడగలేదు’ అనడానికి వీలుండాలి కదా! వేరే వర్సిటీ పేరు వినపడితే చాలు, ఉన్నచోట జీతం పెంచేస్తారు. టెక్సాస్ ఏ అండ్ ఎం వర్సిటీ 2021లో కోచ్ జింబో ఫిషర్ ఒప్పందం పొడిగించి, 2023 నవంబరులో ఆయన్ను తీసేసి 7.5 కోట్ల డాలర్లకు పైగా పరిహారం నెత్తినేసుకుంది. ఆయన ఇంకోచోట చేరినా అందులో పైసా తగ్గదు. మరో వర్సిటీలో చదివే మా అబ్బాయి ఫీజు బిల్లులో అథ్లెటిక్స్ పేరిట ఒక పద్దుంది. వాడు స్టేడియం గడప తొక్కింది లేదు. ప్రభుత్వ వర్సిటీలైనా సంతకానికి ముందే ఒప్పందాన్ని బహిరంగ సమావేశంలో పెట్టాలి. కోచ్‌కు కొత్త ఉద్యోగం దొరికితే ఆ మేరకు పరిహారం తగ్గించే షరతు తప్పనిసరి చేయాలి.
– ఒక విద్యార్థి తండ్రి, డాలస్