ఆఫ్రికా అంటే సైనిక తిరుగుబాట్లేనా?

సంపాదకులకు,

గత ఆదివారం మీ పత్రికలో ఆఫ్రికాలో ప్రజాస్వామ్యం పని అయిపోయిందంటూ వచ్చిన పూర్తి పేజీ వ్యాసం చదివాను. నాలుగు రోజులు ఊరుకున్నా మనసొప్పక రాస్తున్నాను. మాలి, గినీ, సూడాన్, బుర్కినా ఫాసో, నైజర్, గాబన్‌లలో సైన్యం గద్దెనెక్కిన మాట నిజమే. కానీ పట్టుమని పది దేశాలు లేవు. ఖండంలో ఉన్నవి 54. మిగతా చోట్ల ఏం జరుగుతోందో ఒక్క ముక్క రాయాలని ఎందుకు తోచలేదు?

ప్రజాస్వామ్యం కోసం అసలు పోరాటమంతా పోలింగ్ కేంద్రంలో ఎవరికెన్ని ఓట్లో అంకెలు వేసే ఒక్క కాగితం చుట్టూ నడుస్తోంది. కెన్యాలో ఓట్లు వేసిన చోటే లెక్కిస్తారు. ప్రిసైడింగ్ అధికారి ఆ కాగితాన్ని, అంటే ఫారం 34ఎను నింపాలి, ఏజెంట్లు సంతకాలు చేయాలి, ఒక ప్రతి తలుపుకు అంటించాలి, ఫొటో తీసి ట్యాబ్‌లో పైకి పంపాలి. వాటిని కూడి నియోజకవర్గంలో 34బి, అన్నీ కలిపి నైరోబీలో 34సి తయారు చేస్తారు. 2017 ఆగస్టు 8న 40,883 కేంద్రాల్లో పోలింగ్ జరిగింది. అంకెలు వచ్చాయి గానీ వేల కేంద్రాల నుంచి ఫారాల ఫొటోలు రాలేదు. 11 వేలకు పైగా కేంద్రాల్లో 3జీ సిగ్నల్ లేదని ఎన్నికల కమిషనే ముందు రోజుల్లో చెప్పింది. అలాంటప్పుడు సిగ్నల్ ఉన్న చోటికి వెళ్లి పంపేలా అధికారులను సిద్ధం చేయాల్సింది ఎవరు? కొన్ని ఫారాలపై వరుస సంఖ్యలు లేవు. సర్వర్లు చూపమని సుప్రీంకోర్టు ఆదేశిస్తే పూర్తిగా చూపలేదు. కమిషన్ ఐటీ అధికారి క్రిస్ ముసాండో పోలింగ్‌కు కొద్ది రోజుల ముందే హత్యకు గురయ్యారు. చివరికి సెప్టెంబర్ 1న ప్రధాన న్యాయమూర్తి డేవిడ్ మరాగ నాయకత్వంలోని ధర్మాసనం 4–2 తేడాతో అధ్యక్షుడి గెలుపునే కొట్టేసింది. ఆఫ్రికాలో అదే మొదటిసారి. అక్కడ పిటిషన్ వేయడానికి 7 రోజులు, తీర్పుకు 14 రోజులే గడువు. మన దగ్గర ఎమ్మెల్యే పదవీకాలం ముగిసినా తేలని ఎన్నికల పిటిషన్లున్నాయి.

ఆ దెబ్బకు 2022లో 34ఎ ఫొటోలను ఎవరైనా చూసుకునేలా ఇంటర్నెట్‌లో పెట్టారు. 46,229 కేంద్రాల ఫారాలు! పత్రికలు, టీవీలు సొంతంగా కూడుకున్నాయి. అధ్యక్షుడిగా గెలిచిన రూటోకు 50.49 శాతం, ఓడిన ఒడింగాకు 48.85 శాతం. ఏడుగురు కమిషనర్లలో నలుగురు ఫలితాన్ని ఒప్పుకోకపోయినా కోర్టు సమర్థించింది. అయితే ఇంత సాధించిన దేశమే 2023 జనవరి నుంచి 2025 జూలై దాకా కమిషన్ కుర్చీలను ఖాళీగా వదిలేసింది. ఉప ఎన్నికలు ఆగిపోయి నియోజకవర్గాలు ప్రతినిధి లేకుండా మిగిలాయి. సైనికుడు రాకుండానే ప్రజాస్వామ్యానికి జరిగే నష్టం ఇది. మీ వ్యాసంలో దీని ఊసే లేదు.

మలావిలో 2019 మే ఎన్నికల్లో ఫారాలపై వైట్‌నర్ పూసి అంకెలు దిద్దారు. తప్పు పడితే అడ్డగీత కొట్టి పక్కన సంతకం పెడితే పాత అంకె కనిపిస్తుంది. వైట్‌నర్ దాన్ని మాయం చేస్తుంది, ఇక సరిచూసే దారే ఉండదు. అప్పటి అధ్యక్షుడు ముతారికా, ప్రతిపక్ష అభ్యర్థి చక్వేరాల మధ్య తేడా సుమారు 1.59 లక్షల ఓట్లు. 2020 ఫిబ్రవరి 3న ఐదుగురు జడ్జీలు బుల్లెట్‌ప్రూఫ్ కోట్లు వేసుకుని కోర్టుకు వచ్చి ఎన్నిక రద్దు చేశారు. గెలవాలంటే సగానికి పైగా ఓట్లు రావాలన్నారు. జూన్‌లో చక్వేరా గెలిచారు. 2025లో అదే ముతారికా ఓట్లతోనే తిరిగొచ్చారు, చక్వేరా ఓటమి ఒప్పుకున్నారు.

నమీబియా 2014లో వాడింది బెంగళూరు భారత్ ఎలక్ట్రానిక్స్ ఈవీఎంలే. పేపర్ స్లిప్ లేకుండా వాటిని వాడటం రాజ్యాంగ విరుద్ధమని 2020 ఫిబ్రవరిలో అక్కడి సుప్రీంకోర్టు చెప్పింది. మన దగ్గర వీవీప్యాట్ తప్పనిసరని 2013లోనే తీర్పు వచ్చాక స్లిప్ రాని యంత్రాలు ఆ దేశానికి ఎలా వెళ్లాయి? నమీబియా బ్యాలెట్‌కు మళ్లింది. 2024లో బ్యాలెట్ పేపర్లు చాలక పోలింగ్ పొడిగించాల్సి వచ్చింది. ఇక పోలింగ్ కేంద్రంలో పోలైన ఓట్ల లెక్క రాసే మన ఫారం 17సి ఏజెంట్లకు తప్ప ఇతరులకు ఇవ్వనక్కర్లేదని మన ఎన్నికల కమిషన్ 2024లో సుప్రీంకోర్టులో వాదించింది. కెన్యా తెరిచిపెట్టిన కాగితాన్ని మనం బీరువాలో దాచుకుంటూ వాళ్లకు పాఠాలు చెప్పడం నాకు మింగుడుపడటం లేదు.

ఫారాలు ఒక్కటే చాలవన్నదీ నిజం. టాంజానియాలో 2025 అక్టోబర్‌లో ప్రధాన ప్రతిపక్షాన్ని పోటీకి రానివ్వలేదు, దాని నేత టుండు లిస్సు జైల్లో ఉన్నారు, ఇంటర్నెట్ కట్ చేశారు, అధ్యక్షురాలికి దాదాపు 98 శాతం ఓట్లని ప్రకటించారు. అక్కడ ఏ కాగితాన్ని సరిచూడాలి?

చివరగా మీ మ్యాప్ సంగతి. సెనెగల్‌కూ సైనిక పాలన రంగు పూశారు. 2024లో అక్కడ అధ్యక్షుడు మాకీ సాల్ ఎన్నిక వాయిదా వేస్తే రాజ్యాంగ మండలి ఆ వాయిదాను కొట్టేసింది. పోలింగ్‌కు పది రోజుల ముందు జైలు నుంచి విడుదలైన ప్రతిపక్ష అభ్యర్థి ఫాయ్ మార్చి 24న 54 శాతం ఓట్లతో గెలిచారు. వచ్చే ఆదివారం అదే పేజీలో, అదే సైజులో సరిచేసిన మ్యాప్ వేయండి.

— ఒక పాఠకుడు, హనుమకొండ