జింబాబ్వే ఎన్నికల సంఘం ఛైర్‌పర్సన్‌కు బహిరంగ లేఖ

ఛైర్‌పర్సన్ గారూ,

2008 మార్చి 29న జరిగిన అధ్యక్ష ఎన్నిక ఫలితాన్ని మే 2 దాకా మీ సంఘం ఎందుకు ఆపింది? గనిలో పనిచేసి, కార్మిక నాయకుడై, 1999లో ఎండీసీ అనే ప్రతిపక్ష పార్టీ పెట్టిన మోర్గాన్ త్స్వాంగిరాయ్‌కి 47.9 శాతం, అప్పటి అధ్యక్షుడు ముగాబేకి 43.2 శాతం ఓట్లు వచ్చాయని చివరికి మీ సంఘమే చెప్పింది, కానీ సగం దాటలేదని రెండో రౌండ్ పెట్టారు, ఈలోగా ఆయన పార్టీ మనుషుల్ని కొట్టి చంపుతుంటే తట్టుకోలేక ఆయనే పోటీ నుంచి తప్పుకున్నారు. అంతకుముందు ఏడాది పోలీసు దెబ్బలకు వాచిపోయిన ఆయన ముఖం ఫోటో నాకింకా గుర్తుంది.

తర్వాత ముగాబేతో అధికారం పంచుకునే ఒప్పందంతో త్స్వాంగిరాయ్ ప్రధాని అయ్యారు. నెల తిరక్కుండానే కారు ప్రమాదంలో భార్య సుసాన్ పోయారు. 2018 ఫిబ్రవరి 14న జోహన్నెస్‌బర్గ్‌లో పేగు క్యాన్సర్‌తో ఆయనా పోయారు.

ఆ ఐదు వారాలు ఓట్ల లెక్కలు ఎవరి చేతుల్లో ఉన్నాయో ఇప్పుడైనా చెప్పండి.