మన సర్వమత సేవా సంఘం: 2025 వార్షిక నివేదిక

గౌరవనీయులైన అధ్యక్షులకు, కార్యవర్గ సభ్యులకు, సర్వసభ్య సమావేశానికి వచ్చిన అందరికీ నమస్కారం.

మన సంఘం ఎందుకు పుట్టిందో, ఏం చేస్తుందో మీకు తెలిసిందే: అన్ని మతాలవాళ్లం కలిసి సాయంత్రాలు అన్నం వండి పెడతాం, అవసరమైనవారికి మందుల్లాంటి సాయం చేస్తాం. నియమావళి ప్రకారం ఏడాదికోసారి కార్యదర్శి నివేదిక చదవాలి కనుక చదువుతున్నాను. పోయినసారి మరీ పొడవైందని కొందరన్నారు. ఈసారి తగ్గిద్దామనే కూర్చున్నాను గానీ, మార్చి నెల దగ్గరికి వచ్చేసరికి చెయ్యి ఆగలేదు. మన్నించాలి.

ముందు కృతజ్ఞతలు చెప్పేస్తాను. చివర్లో పెడితే అప్పటికి సగం కుర్చీలు ఖాళీ అవుతాయని అనుభవం. ఏడాది పొడవునా వంటశాల మనకు వదిలేసిన ఆలయ కమిటీకి, బల్లలూ కుర్చీలూ అడిగినప్పుడల్లా ఇచ్చి, విరిగిన రెండింటి ఊసెత్తని చర్చి పెద్దలకు, సరుకులు దాచుకోవడానికి గది ఇచ్చి తాళంచెవి కూడా మన చేతికే అప్పగించిన మసీదు కమిటీకి ధన్యవాదాలు. గురుద్వారా వారు పెద్ద గిన్నెలు, గరిటెలు ఇచ్చారు. అంతకన్నా ముఖ్యంగా, అంతమందికి తొక్కిసలాట లేకుండా ఎలా వడ్డించాలో ఓపిగ్గా నేర్పారు. గురు నానక్ కాలం నుంచి లంగరు, అంటే అందరికీ ఉచిత భోజనశాల, నడుపుతున్నవాళ్లు, వాళ్ల దగ్గర నేర్చుకోవడానికి మనకు నామోషీ ఎందుకు? ప్రతి ఆదివారం మందుల చీటీలు చూసిపెట్టిన డాక్టరమ్మ గారికి, ధ్యాన కేంద్రం నుంచి వచ్చి రిజిస్టర్లన్నీ కంప్యూటర్లోకి ఎక్కించిన బౌద్ధ మిత్రుడికి కూడా. ఏ మతం కిందా పేరు రాయించుకోకుండా, ఒక్క వారం కూడా మానకుండా గిన్నెలు తోమిన ఆ ఇద్దరు స్నేహితులకు ప్రత్యేకంగా. "మాకు దేవుడితో పని లేదు, మీతో ఉంది" అన్నారు వాళ్లు చేరిన రోజున. ఎవరి పేరైనా మర్చిపోతే సభలోనే గుర్తు చేయండి, సణుక్కుంటూ ఇంటికి వెళ్లొద్దు.

ఇక కార్యక్రమాలు. ఫిబ్రవరి మొదటి వారం సర్వమత సామరస్య వారోత్సవం. జోర్డాన్ రాజు రెండో అబ్దుల్లా ప్రతిపాదిస్తే ఐక్యరాజ్యసమితి సర్వప్రతినిధి సభ 2010 అక్టోబరు 20న తీర్మానించింది. 2011 నుంచి దేశదేశాల్లో జరుపుతున్నారు. మనమూ జరిపాం. వేదిక మీద కూర్చున్నవాళ్లూ కింద కూర్చున్నవాళ్లూ ఇంచుమించు సమానం. 1893 నాటి షికాగో సర్వమత మహాసభను నలుగురు వక్తలు ప్రస్తావించారు, ముందు మాట్లాడినవారు అదే చెప్పారన్న సంగతి పట్టకుండా. నేను పట్టుకుని తిరిగిన మైకు సాయంత్రానికి నాకే బరువైంది.

అయినా ఆ సభ వల్ల ఒక మేలు జరిగింది. అందరూ వెళ్లిపోయాక కుర్చీలు సర్దుతుంటే కోశాధికారి గారు క్యాలెండరు బల్ల మీద పరిచి, "మార్చిలో మనకు మనుషులెవరండీ?" అన్నారు.

చాంద్రమానంలో ఏడాదికి 354 రోజులే కనుక రంజాన్ ఏటా పది పదకొండు రోజులు ముందుకు జరుగుతూ వస్తుంది. అలా జరిగి జరిగి 2025లో మార్చి మొదట్లోకి వచ్చింది. క్రైస్తవుల శ్రమ దినాలు మొదలయ్యే భస్మ బుధవారం మార్చి 5న పడింది. అంటే సాయంత్రం వంటశాలలో పనిచేసే బృందాల్లో రెండు పెద్దవి ఒకే నెలలో ఉపవాసం. ఆ నెలకు వంట ఆపేద్దామని ఒకరు, వారానికి మూడు రోజులు నడుపుదామని మరొకరు. చివరికి అడ్డం తిరిగింది మసీదు కుర్రాళ్లే. "మేం తినకపోతే వండలేమా?" అన్నారు. చర్చి యువజనులు కూడా అదే మాట.

వండారు. కాకపోతే ఒక చిక్కు. పొయ్యి దగ్గర నిలబడ్డవాళ్లందరూ ఉపవాసమే, ఉప్పు చూసేదెవరు? అవసరమైతే నాలుక మీద వేసుకుని ఉమ్మేయవచ్చు, దోషం లేదని ఇమామ్ గారే చెప్పారు. కుర్రాళ్లు ఒప్పుకోలేదు. అప్పుడు ఆలయం తరఫున వచ్చే రిటైర్డ్ లెక్కల మాస్టారు ఆ బాధ్యత తీసుకున్నారు. రోజూ నాలుగున్నరకల్లా వచ్చేవారు. జేబులోంచి రుమాలులో చుట్టిన సొంత చెంచా తీసి, కొంచెం చేతిలో వేసుకుని నోట్లో పెట్టుకుని, పైకప్పు వంక చూసేవారు. వంటశాల అంతా ఊపిరి బిగబట్టేది. "ఇంకో చిటికెడు" అంటే ఇంకో చిటికెడు. తలూపితే మూత పెట్టేయడమే. వారం తిరక్కుండా అందరూ ఆయన్ని ఉప్పు మాస్టారు అనడం మొదలెట్టారు.

ఒక రోజు ఆయన బీపీ చూపించుకోవడానికి వెళ్లి రాలేకపోయారు. ఉప్పు ఇంకా పడలేదనుకుని ముగ్గురు, ఒకరికి తెలియకుండా ఒకరు, తలా ఒకసారి వేశారు. సంగతి వరుసలో మొదటి పెద్దాయన ముద్ద నోట్లో పెట్టుకున్నాక గానీ తెలియలేదు. ఆయన నీళ్లు తాగి, "ఈ పూట సముద్రం దాకా పోయొచ్చాను నాయనా" అన్నారు. కోప్పడి ఉంటే నయంగా ఉండేది. మళ్లీ పొయ్యి వెలిగించి, విరుగుడు వేసి, వడ్డన మొదలుపెట్టేసరికి ముప్పావుగంట ఆలస్యం. మర్నాటి నుంచి ఉప సంపాదకులన్నట్టు ఉప-ఉప్పు పదవి కూడా ఏర్పాటు చేశాం. మాస్టారి శ్రీమతి గారు వచ్చారు. "ఇంట్లో చూసేది నేనే కదండీ, ఆయనకేం తెలుసు" అని ఆవిడ అన్నమాట మినిట్స్ పుస్తకంలో రాయలేదు గానీ ఇక్కడ రాస్తున్నాను.

రెండో చిక్కు సూర్యాస్తమయం. మన వడ్డన సరిగ్గా ఇఫ్తార్ వేళకే. వరుసలో జనం నిలబడి ఉంటారు, గరిటె పట్టుకున్న కుర్రాడు పొద్దుట్నుంచి మంచినీళ్లు ముట్టని మనిషి. అజాన్ వినపడగానే అతను గరిటె పక్కవారికి అందించాలి. మొదటి రోజు అందుకున్నది చర్చి నుంచి వచ్చిన అమ్మాయి. తనూ పస్తే. "మాది ప్రార్థన అయ్యాక, మీరు కానివ్వండన్నా" అని గరిటె లాక్కుంది. ఆ తర్వాత చెప్పాల్సిన పని లేకపోయింది. అజాన్ మొదటి మాటకే గరిటెలన్నీ చేతులు మారేవి, పావుగంట తర్వాత మళ్లీ మారేవి. వరుస ఆగలేదు. నెల మొత్తంలో ఒక్క సాయంత్రం కూడా పొయ్యి వెలగకుండా లేదు. నివేదికలో ఈ ఒక్క వాక్యాన్ని పెద్ద అక్షరాల్లో వేయమని ముద్రించేవారికి చెప్పాను. వేయకపోతే తప్పు నాది కాదు.

మాంసం లేకుండా వండాలన్న పాత నిర్ణయం మీద ఈ ఏడాదీ చర్చ వచ్చింది. హలాల్ కావాల్సినవారు, అసలు మాంసం ముట్టనివారు, కొన్ని రోజులే మానేసేవారు, అందరూ ఒకే బంతిలో కూర్చోవాలంటే అంతకన్నా సులువైన దారి మాకు కనపడలేదు. లంగరు పద్ధతీ అదే. చర్చ ముగిసిందనే అనుకుంటున్నాను.

దీపావళి నాడు వంట పూర్తిగా మసీదు, చర్చి బృందాలది. క్రిస్మస్ రోజున ఆలయం, గురుద్వారా వారిది. ఇది ఇప్పుడు ఎవరూ అడగకుండానే జరుగుతోంది, ఇంతకుమించి రాయను.

ఫారం గురించి రాయాలి. సహాయం కోరేవారు నింపే దరఖాస్తులో 'మతం' అని ఒక గడి ఉండేది. ఎవరు పెట్టారో, ఎప్పుడు పెట్టారో ఎవరికీ గుర్తులేదు. ఏప్రిల్లో ఒకావిడ అత్తగారి మందుల కోసం వచ్చారు. మిగతా అన్నీ నింపి, ఆ గడి దగ్గర పెన్ను ఆపారు. కాసేపు నా మొహం వంక, కాసేపు గోడ మీది పటాల వంక చూసి, గొంతు తగ్గించి అడిగారు: "ఏది రాస్తే మందులు వస్తాయి సార్?"

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదని చెబితే అతిశయోక్తి అంటారు, కనుక చెప్పను. ఆ తర్వాతి కార్యవర్గ సమావేశంలో ఆ గడి తీసేయాలని ప్రతిపాదించాను. అనుకున్నంత తేలిగ్గా తేలలేదు. 'మావాళ్లకి ఎంత అందిందో మా కమిటీకి చెప్పుకోవాలి కదా' అన్నారు కొందరు. వాళ్లనీ తప్పుపట్టలేను, చందాలిచ్చేవారు వాళ్లను అడుగుతారు. రెడ్‌క్రాస్, రెడ్ క్రెసెంట్ ఉద్యమం, స్వచ్ఛంద సంస్థలు కలిసి విపత్తు సహాయం కోసం 1994లో రూపొందించిన ప్రవర్తనా నియమావళిని అప్పుడు చదివి వినిపించాను. పది సూత్రాల్లో రెండోది, సాయం జాతి, మతం, దేశం చూడకుండా అవసరాన్ని బట్టే ఇవ్వాలని. మూడోది, సాయాన్ని ఏ రాజకీయ, మత అభిప్రాయాన్నీ ముందుకు తోయడానికి వాడకూడదని. గడి పోయింది. దాని స్థానంలో రెండు ప్రశ్నలు చేర్చాం: తినకూడనివి ఏమైనా ఉన్నాయా, అవసరమైతే ఎవరికి కబురు చేయాలి. పాత ఫారాలు చాలా మిగిలాయి. పారేయడానికి కోశాధికారి గారు ఒప్పుకోలేదు కనుక ఆ గడిని చేత్తో కొట్టేసి వాడుతున్నాం.

జూన్ 14న, అంటే రక్తం గ్రూపులు కనిపెట్టిన కార్ల్ లాండ్‌స్టైనర్ పుట్టినరోజున, రక్తదాన శిబిరం మసీదు హాల్లో జరిగింది. ప్లేట్‌లెట్లు ఐదు రోజులకు మించి నిలవ ఉండవు, కాబట్టి ఏడాదికోసారి అందరూ ఒకేసారి ఇచ్చి చేతులు దులుపుకుంటే లాభం లేదని వచ్చిన డాక్టర్లు చెప్పారు. అందుకని దాతల జాబితాను నెలలవారీగా విడగొట్టాం. శిబిరానికి అనుమతి కోరుతూ ఒక కార్యాలయానికి ఏప్రిల్లోనే దరఖాస్తు పెట్టాను. సంతకం పెట్టాల్సినవారు సెలవులో ఉన్నారన్నారు, తర్వాత వచ్చారు గానీ ఫైలు కనపడలేదన్నారు. చివరికి నోటిమాట మీద కానిచ్చాం. అనుమతి పత్రం జూన్ 16న చేతికందింది. పెద్ద ముద్ర వేసి ఉంది, చాలా అందంగా ఉంది. ఫైల్లో భద్రపరిచాం.

వేడుకల్లో మిగిలిన ఆహారం గురించి సభ్యులకు మనవి. ఇవ్వడం మంచి మనసే, కాదనను. కానీ వండిన పదార్థం మామూలు గది వేడిలో రెండు గంటలకు మించి ఉంచకూడదు, వడ్డించేదాకా 60 డిగ్రీలకు పైన వేడిగా ఉండాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన లెక్క ఇది. అర్ధరాత్రి పన్నెండింటికి ఫోన్ చేసి 'మధ్యాహ్నానిది, బాగానే ఉంది, పంచేయండి' అంటే పంచలేం. ఈ ఏడాది ఒక దాతకు నేను వద్దని చెప్పినందుకు ఆయన నాతో మాట్లాడటం మానేశారు. మానేసినా సరే, మనింట్లో పిల్లలకు పెట్టనిది వరుసలో నిలబడ్డవాళ్లకు పెట్టను.

జమాఖర్చులు ఆడిటరు గారి సంతకంతో జతచేశాం. కోశాధికారి గారు చదువుతారు, ప్రశ్నలు ఆయన్నే అడగండి. ఒక్క మాట మాత్రం నేను చెప్పాలి. జకాత్ కింద, అంటే ముస్లింలు విధిగా ఇచ్చే దానం కింద, వచ్చిన సొమ్ముకు విడిగా పుస్తకం ఉంది. దాన్ని ఎవరికి ఖర్చు చేయాలో ఖురాన్‌లోనే, తౌబా అధ్యాయం 60వ వాక్యంలో, ఎనిమిది పద్దులుగా చెప్పి ఉంది. గిన్నెలకూ గ్యాసుకూ దాన్ని కలపడానికి లేదు. సదకా (ముస్లింలు ఇష్టపడి ఇచ్చే దానం), క్రైస్తవుల దశమ భాగం, సిక్కుల దస్వంద్ (ఆదాయంలో పదో వంతు), అన్నదాన విరాళాలు సాధారణ నిధిలోకి వస్తాయి. 'అంతా దేవుడి డబ్బే కదా' అని ఎవరైనా అంటే, దేవుడి డబ్బుకే లెక్క ఎక్కువ ఉండాలని నా సమాధానం.

ఇక నాకు నచ్చని పని. మన వాట్సాప్ గ్రూపులో 'రేపు ఉదయం ఐదింటికి కూరగాయలు దించాలి' అని పెడితే బొటనవేళ్లకు కొదవ ఉండదు. ఐదింటికి లారీ దగ్గర నేనూ, గిన్నెలు తోమే ఆ ఇద్దరూ, ఉప్పు మాస్టారు. డెబ్బై దాటిన మనిషి బస్తా ఎత్తబోతే చెయ్యి పట్టుకుని ఆపాను. రాలేమని ముందే చెబితే వేరేవారిని పిలుచుకుంటాం, అందులో తప్పేం లేదు. వస్తానని రాకపోవడంతోనే చిక్కు. ఫొటోల రోజున మాత్రం అందరూ వచ్చారు, ఇస్త్రీ బట్టలతో. అన్నట్టు, సాయం తీసుకునేవారి మొహాలు ఫొటోల్లో పడకూడదన్న తీర్మానం ఇంకా అమల్లోనే ఉంది. తీసినవారు ఫోన్లలోంచి చెరిపేయాలి.

వచ్చే ఏడాదికి ఒక్క విషయం. 2026లో భస్మ బుధవారం ఫిబ్రవరి 18. రంజాన్ కూడా నెలవంకను బట్టి ఆ రోజో మర్నాడో మొదలవుతుంది. కాబట్టి సాయంత్రం వంతుల పట్టిక ఈ నెలాఖరుకే తయారవ్వాలి. సంతకాల పుస్తకం తలుపు దగ్గర బల్ల మీద ఉంది. ఉప్పు మాస్టారు ఈసారీ ఒప్పుకున్నారు, బీపీ అపాయింట్‌మెంటు ఉదయం పూటకు మార్చుకున్నారట.

గురుద్వారా వారి గరిటెల్లో రెండు, ఒక పెద్ద మూత క్రిస్మస్ తర్వాత లెక్కకు రాలేదు. ఎవరింటికైనా పొరపాటున వెళ్లి ఉంటే ఆదివారంలోగా వంటశాలలో పెట్టేయగలరు. ఎవరని అడగం.

కార్యదర్శి