పిల్లల హెల్మెట్లు మార్చమని అడిగినందుకు 47 రోజులు తిప్పించారు

కస్టమర్ సర్వీస్ మేనేజర్ గారికి,

నమస్కారం అండి. మాది కోనసీమలో అంబాజీపేట. సంక్రాంతి సెలవుల్లో పిల్లలకి మంచు చూపిద్దామని, మా దగ్గర కనుమనాడు జరిగే జగ్గన్నతోట ప్రభల తీర్థం కూడా మానుకుని కాశ్మీర్‌లోని గుల్మార్గ్ ప్రయాణం పెట్టుకున్నాం. ఏటిగట్టు మీంచి తాటిమట్ట మీద కూర్చుని జారడం తప్ప మా పిల్లలకి ఇంకో జారుడు తెలీదు. మట్ట మీంచి పడితే మోకాలు గీరుకుంటుంది, అంతే. గట్టిపడిన మంచు మీద జారే స్లెడ్జ్ బండి అలా కాదు. వేగం అందుకున్నాక ఆపడం పెద్దవాళ్ల వల్లే కాదు, తల ఏ చెట్టుకో రాయికో తగిలితే ప్రాణం మీదకి వస్తుంది. అందుకే స్వెట్టర్ల కంటే ముందు మీ వెబ్‌సైట్‌లో రెండు హెల్మెట్లు ఆర్డర్ పెట్టాను. నవంబరు 22న వచ్చాయి. రెండూ పెద్దవాళ్ల సైజు. మా పాప పెట్టుకుంటే ముక్కు మీదకి జారిపోయింది.

పొరపాటు ఎవరికైనా జరుగుతుంది, దానికి నాకు కోపం లేదు. ఆ తర్వాత మీవాళ్లు నన్ను చూసిన తీరుకే ఈ ఉత్తరం.

మొదటి ఫోన్‌లో ఒకమ్మాయి "24 గంటల్లో మార్చేస్తాం మేడం" అంది. నాలుగు రోజులు చూశాను. రెండోసారి ఫోటోలు పంపమన్నారు, పంపాను. మూడోసారి ఇంకో అబ్బాయి, ఫోటోలు రాలేదని మొదటి నుంచీ కథంతా మళ్లీ చెప్పించుకున్నాడు. పాపకి ఆరేళ్లండీ, కళ్ల మీదకి హెల్మెట్ జారితే ఎదురుగా ఏముందో కనపడదండీ అన్నాను. "లోపల గుడ్డ పెట్టి సర్దుకోండి" అన్నాడు. పిల్లల తల గురించి ఒక తల్లికి చెప్పే మాటేనా అది?

డిసెంబరులో పికప్ అన్నారు. పొద్దుటి నుంచి చీకటి పడేదాకా వీధి అరుగు మీదే కూర్చున్నాను. ఎవరూ రాలేదు. సాయంత్రం మాత్రం "కస్టమర్ ఇంట్లో లేరు" అని మెసేజ్ వచ్చింది. మళ్లీ ఫోన్ చేస్తే మా పిన్‌కోడ్‌కి వెనక్కి తీసుకెళ్లే సదుపాయమే లేదన్నారు. తెచ్చి ఇవ్వడానికి దారి ఉన్న ఊరి నుంచి వెనక్కి తీసుకెళ్లడానికి లేదా? పెట్టె పట్టుకుని రావులపాలెం మీదుగా బస్సులో రాజమండ్రి మీ షోరూంకి వెళ్లాను. ఆన్‌లైన్ సరుకు మేం ముట్టుకోం అన్నారు. 2017లో మా అబ్బాయి మొదటి సైకిల్ కొన్నది ఆ షోరూంలోనే. అప్పటి నుంచి మా ఇంట్లో సైకిలైనా, షటిల్ బ్యాటైనా మీ దగ్గరే. కనీసం కూర్చోమనలేదు. తిరిగి ఇంటికొచ్చేసరికి "మీ సమస్య పరిష్కరించాం" అని మెసేజ్!

జనవరి 8న హెల్మెట్లు లేకుండానే బయల్దేరాం. అక్కడ చెట్లు లేని, కింద చదునుగా ఉన్న చిన్న వాలు వెతికి, బోర్లా పడుకోకుండా కాళ్లు ముందుకి పెట్టి కూర్చోమని, మావారు వెనకాల పట్టుకుని అబ్బాయిని రెండుసార్లు జారించారు. అది కూడా నా గుండె చేత్తో పట్టుకునే. పాపని నేను పంపలేదు. మిగతా పిల్లలు కేకలేసుకుంటూ జారుతుంటే అది నా చెయ్యి పట్టుకుని చూస్తూ నిలబడింది. రాత్రి పడుకునే ముందు "రేపైనా వస్తుందా అమ్మా హెల్మెట్?" అని అడిగింది.

డబ్బు ఎలాగూ మీరు వాపసు ఇవ్వాల్సిందే. కానీ ఆ సమస్య పరిష్కరించామని రాసిందెవరో, ఏం పరిష్కరించారో నాకు చెప్పాలి. మెషీన్ కాదు, మనిషి ఫోన్ చెయ్యాలి, తెలుగులో మాట్లాడాలి. 15 రోజులు చూస్తాను. తర్వాత వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి, జిల్లా వినియోగదారుల కమిషన్‌లో కేసు వేస్తాను. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం నేనుండే చోటే వేసుకోవచ్చని కనుక్కున్నాను. ప్రతి కాల్ తారీఖూ, టైమూ పిల్లల నోట్‌బుక్‌లో రాసి పెట్టుకున్నాను.

పెట్టె వచ్చినట్టే మళ్లీ కట్టి ఉంచాను. ఎవరినైనా పంపండి, ఇంట్లోనే ఉంటాను.

ఇట్లు,
తొమ్మిదేళ్లుగా మీ కస్టమర్,
అంబాజీపేట