రంది గురించి మాట్లాడుకునే రేడియో మనకూ కావాలి

సంపాదకులకు నమస్కారం.

నేను దేవరకొండ డివిజన్‌లోని ఒక ఆరోగ్య ఉపకేంద్రంలో ఇరవై ఎనిమిదేళ్లు ఏఎన్‌ఎంగా, అంటే ఊళ్లలో తిరిగే నర్సుగా పనిచేసి పదవీ విరమణ చేశాను. అన్నేళ్లలో ‘డిప్రెషన్’ అన్న మాటతో నా దగ్గరికి వచ్చిన మనిషి ఒక్కరూ లేరు. నెత్తి గుంజుతున్నదనీ, నిద్ర పడ్తలేదనీ, బువ్వ పోతలేదనీ, పానం మంచిగ లేదనీ వచ్చేవారు. గోలీలు కొంగున ముడేసుకొని, గడప దాటబోతూ ఆగి, అప్పుడు అసలు సంగతి చెప్పేవారు: “రంది పట్టుకున్నది సిస్టరమ్మా.” రంది అంటే లోపల గూడు కట్టుకున్న దిగులు. ఆ రంది గురించి నలుగురూ నోరు విప్పి మాట్లాడుకోవడానికి స్థానిక రేడియో ఎంత పనికొస్తుందో మీ పత్రిక ద్వారా చెప్పాలని ఈ లేఖ రాస్తున్నాను.

తండా నుంచి ఒకామె బుధవారం బుధవారం వచ్చేది. అది టీకాల రోజు. ఆమె చంకన పిల్ల ఉండేది కాదు. తలనొప్పి గోలీల కోసమే రాక. భర్త మేస్త్రీ దగ్గర అడ్వాన్సు తీసుకొని పుణె పనికి పోయాడు, అడ్వాన్సు తీరలేదు, ఫోను రావడం తగ్గింది. ఒక బుధవారం నేను టీకాల డబ్బాలో ఐసు సర్దుకుంటూ, వినే తీరిక లేక, బల్ల మీద కూర్చోమన్నాను. పక్కన కూర్చున్న మరొకామె మగడు కూడా అటే పోయినవాడు. ఇద్దరూ లంబాడీలో మొదలుపెట్టిన ముచ్చట నేను ఆ పూట రిజిస్టరు మూసేదాకా సాగింది. మరుసటి వారం ముగ్గురయ్యారు, ఆ తరువాత అయిదుగురు. తలనొప్పి గోలీలు మాత్రం మరిచిపోకుండా అడిగి తీసుకునేవారు! ఆ బల్ల వేసి ఉంచడం తప్ప నేను చేసిన వైద్యం ఏమీ లేదు. అయితే ఆ బల్ల మీద అయిదారుగురి కంటే ఎక్కువ మంది పట్టరు. అందుకే రేడియో గురించి ఆలోచించడం మొదలుపెట్టాను.

రేడియోలో ఇటువంటి కార్యక్రమాలు ఇప్పటికే వస్తున్నాయి కదా అని ఎవరైనా అనవచ్చు. నగరం నుంచి వచ్చే ఒక స్టేషన్‌లో మనసు ఆరోగ్యం మీద ఫోన్-ఇన్ కార్యక్రమం జరుగుతుంటే, మా పక్కింటామె నా ఫోను తీసుకొని తన కొడుకు గురించి అడిగింది. ఆమె ఇంకా ఊరి పేరు చెప్పి కొడుకు చదువు దగ్గరికి వస్తుండగానే ప్రశ్న క్లుప్తంగా అడగాలని చెప్పారు. ఆ తరువాత నిపుణుడు ‘ఒత్తిడి నిర్వహణ’, ‘సానుకూల దృక్పథం’ అంటూ ఒక నిమిషం మాట్లాడారు, ప్రకటన వచ్చింది. ఆమె ఫోను నా చేతికిచ్చి, “ఏమన్నడు?” అని అడిగింది. ఆయన చెప్పినదాంట్లో తప్పేమీ లేదు. కానీ మా ఊళ్లలో బాధను క్లుప్తంగా చెప్పే అలవాటు ఎవరికీ లేదు. మొన్నటి కరువు దగ్గర మొదలుపెడితే గాని నిన్నటి ఏడుపు దగ్గరికి రాలేరు. ఆ చుట్టుతిరుగుడును విసుక్కోకుండా వినే కార్యక్రమం కావాలి.

ప్రసార తరంగాలు ప్రజల ఆస్తి అని సుప్రీంకోర్టు 1995లోనే తీర్పు చెప్పింది. 2002లో విద్యాసంస్థలకు, 2006లో లాభాపేక్ష లేని సంస్థలకు, కృషి విజ్ఞాన కేంద్రాలకు కమ్యూనిటీ రేడియో, అంటే ఒక ప్రాంతంవాళ్ల కోసం అక్కడే నడిచే చిన్న రేడియో, నడుపుకునే అవకాశం వచ్చింది. మామూలుగా వంద వాట్ల శక్తి, దాదాపు పది కిలోమీటర్ల పరిధి. అంటే ఒక మండలం నోరూ చెవీ అన్నమాట. కనీసం సగం కార్యక్రమాలు అక్కడివాళ్లే తయారుచేయాలనీ, వీలైనంతవరకు స్థానిక భాషలో, యాసలో ఉండాలనీ నిబంధనలే చెబుతున్నాయి. యాసలో మాట్లాడితే నవ్వుతారని మైకు ముందు బిగుసుకుపోయే మనవాళ్లకు ఈ సంగతి తెలియాలి. దేవరకొండ, చందంపేట వైపు ఆ యాసలో లంబాడీ కూడా చేరాలి.

ఇది మన రాష్ట్రంలో జరగని పనేమీ కాదు. జహీరాబాద్ దగ్గరి మాచనూరులో సంఘం రేడియో 2008 అక్టోబరు 15న మొదలైంది. దానిని నడిపినవారు చదువుకున్న పట్నం అనౌన్సర్లు కారు, పొలం పని చేసుకునే దళిత మహిళలు. 2023 ఏప్రిల్‌లో దేశమంతటా 91 చోట్ల వంద వాట్ల ఎఫ్‌ఎం ట్రాన్స్‌మీటర్లను ప్రారంభించడం మంచిదే, కాని అవి ప్రధానంగా వేరేచోట తయారైన కార్యక్రమాలను మనకు వినిపించేవి. మన మాట పైకి వెళ్లే దారి వాటిలో లేదు. నల్లగొండలో మహాత్మాగాంధీ విశ్వవిద్యాలయం, మహబూబ్‌నగర్‌లో పాలమూరు విశ్వవిద్యాలయం, కంపాసాగర్, పాలెం కృషి విజ్ఞాన కేంద్రాలు ఉన్నాయి. ఈ సంస్థలు ఇటువంటి రేడియో బాధ్యతను తలకెత్తుకోవాలని, వారానికి ఒక గంట రంది ముచ్చటకు కేటాయించాలని నా విన్నపం.

2015-16లో బెంగళూరులోని మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్ 12 రాష్ట్రాల్లో జరిపిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వేలో పెద్దవారిలో పదిమందికి ఒకరు ఏదో ఒక మానసిక సమస్యతో ఉన్నట్టు తేలింది. సమస్యను బట్టి 70 నుంచి 92 శాతం మందికి చికిత్స అందడం లేదని కూడా తేలింది. ఆ పన్నెండు రాష్ట్రాల్లో తెలంగాణ లేదు. ఉన్నా, నా రిజిస్టరులాగే అక్కడా తలనొప్పి అనే రాసి ఉండేవారేమో.

ఆ రంది ముచ్చట గంటలో డాక్టరు ఉండాలి, కాని మొదట డాక్టరు మాట్లాడకూడదు. మొదట పాట రావాలని నేనంటాను. నాట్లప్పుడు మునుం పట్టిన ఆడవాళ్ల పాట విన్నవారికి తెలుసు: అత్తింటి ఆరడిని తోటి మనిషికి చెప్పుకోవడానికి సిగ్గుపడే పిల్ల, వంగి నాటేస్తూ అదే సంగతిని గొంతెత్తి పాడుతుంది. పాటలో ఉన్నది తాను కాదు, ఎవరో ఒక కోడలు. వెనుక పదిమంది అందుకుంటారు గనుక ఆమె ఒంటరిదీ కాదు. నారాయణపేట జిల్లా దామరగిద్దకు చెందిన దాసరి కొండప్ప గారి బుర్రవీణకు 2024లో, నాగర్‌కర్నూల్ జిల్లాకు చెందిన దర్శనం మొగులయ్య గారి పన్నెండు మెట్ల కిన్నెరకు 2022లో పద్మశ్రీ వచ్చింది. రెండూ మన పల్లెల తీగ వాద్యాలే. బిరుదు వచ్చిన వారం వారి ఫోటోలు అన్ని పత్రికల్లోనూ చూశాం, సంతోషం. ఆ విద్య మన పిల్లల చెవిన వారం వారం పడే ఏర్పాటు మాత్రం మనమే చేసుకోవాలి.

ఒక చిక్కు ఉన్నది, దానిని దాచి రాయడం నిజాయితీ కాదు. పది కిలోమీటర్ల రేడియోలో పేరు మార్చినా గొంతు దొరికిపోతుంది. “అది ఫలానావాళ్ల కోడలు” అని మరునాడు బోరింగు దగ్గర తేల్చేస్తారు. కాబట్టి సొంత కథ చెప్పుకున్నవారి మాటను వారు కోరితే వేరొకరి గొంతుతో వినిపించాలి. నాలుగు ఇళ్ల కథలను కలిపి ఒక కథగా చెప్పాలి. రికార్డు చేసినదాన్ని ప్రసారానికి ముందు వారికి వినిపించి, వద్దంటే తీసేయాలి. చికిత్స తీసుకునేవారి వివరాలను వారి అనుమతి లేకుండా బయటపెట్టకూడదని 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం చెబుతున్నది. ఆత్మహత్యల వార్తలు ఎలా రాయకూడదో ప్రెస్ కౌన్సిల్ 2019లో పత్రికలకు చెప్పింది; రేడియోకూ అదే హద్దు ఉండాలి. (మీ పత్రికతో సహా జిల్లా పేజీల్లో ఆ హద్దు ఎప్పుడూ పాటిస్తున్నారని నేను అనలేను, మన్నించాలి.) మనసు బాధల్లో ఉన్నవారికి పగలూ రాత్రీ పలికే ప్రభుత్వ ఫోను సేవ టెలి-మానస్ నంబరు 14416ను ప్రతి భాగంలో కనీసం రెండుసార్లు చెప్పాలి. పాటతో, ముచ్చటతో తీరేది కొంతే. మందులు అవసరమైన మనిషికి మందులే కావాలి.

వేళ సంగతి కూడా చూసుకోవాలి. సాయంత్రం సీరియళ్ల వేళ పెడితే ఎవరూ వినరు. పత్తి ఏరే కాలంలో పొద్దున పదింటికి పెడితే చేలోనే వింటారు. పుణెలో, బొంబాయిలో ఉన్నవాళ్లకు ఎఫ్‌ఎం అందదు గనుక అదే రికార్డింగును వాట్సాప్‌లో పంపి, వాళ్ల జవాబును వచ్చే వారం వినిపించవచ్చు. మర్రిగూడ వైపు ఫ్లోరైడు నీళ్లు తాగి ఎముకలు వంగి మంచానికే అంటుకున్నవారు ఉన్నారు. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటిన ఫ్లోరైడు ఎంత చెరుపు చేస్తుందో చూసిన నేల ఇది. ఇప్పుడు మంచినీళ్లు వచ్చినా వంగిన ఎముక నిటారు కాదు. వారికి ఈ గంట ఎంత తోడవుతుందో వేరే చెప్పనక్కరలేదు.

లైసెన్సు వచ్చేదాకా ఆగనక్కరలేదు. ఏ సంస్థ ముందుకు వచ్చినా నా వంతుగా ఊరూరా తిరిగి గొంతులు పోగుచేయడానికి నేను సిద్ధంగా ఉన్నాను. తలనొప్పి గోలీల కోసం బుధవారం బుధవారం వచ్చిన ఆమెను మొన్న సంతలో కలిసినప్పుడు ఈ సంగతి చెప్పాను. భర్త ఇప్పుడు ఊళ్లోనే ఉంటున్నాడట. పాడతానన్నది, పేరు మాత్రం చెప్పొద్దన్నది.

ఇట్లు,
పదవీ విరమణ చేసిన ఒక ఏఎన్‌ఎం,
దేవరకొండ, నల్లగొండ జిల్లా